చివరి బోరు ముందు: ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఒక రోజు

ముప్పై ఒక్క ఏళ్లు కరెంటు కంట్రోల్ రూంలో పనిచేసి పోయిన ఏడాది రిటైరయ్యాను. సన్మానం రోజు మావాళ్లు ధర్మవరం పట్టుచీర పెట్టారు. మెంతిరంగు, మెరూన్ అంచు, నాకు నచ్చింది. ఇంటికొచ్చి మడత విప్పితే నడుము దగ్గర అడ్డంగా ఒక సన్నటి గీత కనిపించింది. ఫోటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా జూనియర్ ఒకడు వెంటనే రాశాడు: "మేడం, అది మీరు కరెంటు తీయించిన చోటు." అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నాకు హాస్యం కొంచెం ఆలస్యంగా ఎక్కుతుంది, కోపం మాత్రం వెంటనే ఎక్కుతుంది. రెండు రోజులు మండిపడ్డాను. మూడో రోజు ఆ మాట నిజమేనేమోనని అనుమానం మొదలైంది. ఆ అనుమానమే నన్ను విజయవాడలో రైలెక్కించింది.

మా ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. ఏ నిమిషంలో రాష్ట్రం ఎంత కరెంటు వాడుతుందో, ఆ నిమిషంలో అంతే తయారవ్వాలి. బియ్యంలాగా బస్తాల్లో నింపి అటక మీద పెట్టుకునే సరుకు కాదది. ఇప్పుడు పగలంతా సోలార్ పొలాల నుంచి వచ్చి పడుతుంది, సాయంత్రం ఆరయ్యేసరికి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు, సరిగ్గా అప్పుడే ఊళ్లన్నీ లైట్లూ ఏసీలూ వేస్తాయి. అందుకే బోరు మోటార్లకు త్రీఫేజ్ కరెంటును పగటిపూటకు మార్చారు. ఎక్కడైనా లెక్క తప్పితే మేము ఫోనెత్తి "ఫలానా ఫీడర్ తీసేయండి" అనాలి. అలా ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఫీడరంటే కొన్ని ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైను, నాకు మాత్రం తెర మీద ఒక అంకె. ఆ అంకె చివర ఎవరుంటారో చూడ్డానికి సెలవూ దొరకలేదు, నిజం చెప్పాలంటే ధైర్యమూ చాలలేదు.

రాత్రి విజయవాడలో ఎక్కితే పొద్దున ఆరు దాటాక ధర్మవరంలో దిగాను. స్లీపర్ నాలుగు వందల లోపే. స్టేషన్ బయట బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ నలభై రూపాయలు. బజ్జీ కారం దిగేదాకా ఆటో ఎక్కకపోవడం మంచిది, డ్రైవర్‌తో బేరం ఆడే ఓపిక ఉండదు. నేత వీధులు పొద్దున్నే మేలుకుంటాయి. తెలిసినవాళ్లు చెప్పిన గుర్తులతో చౌడప్ప ఇల్లు వెతుక్కుని వెళ్లేసరికి ఏడున్నర. యాభై ఐదేళ్ల నేతకారుడు. గుంటమగ్గమే, కానీ పైన డిజైను దారాలెత్తే జకార్డు నడపడానికి చిన్న కరెంటు మోటరు బిగించుకున్నాడు. నేను సంచిలోంచి చీర తీసి గీత చూపించి, దోషిలాగా నిలబడ్డాను.

చౌడప్ప అద్దాలు పెట్టుకుని, చీరను వెలుతురుకు పట్టి చూశాడు. "ఇది కరెంటు పోయి పడింది అని ఎవురు చెప్పినారు మేడం? మగ్గం ఆపి మళ్లా ఎత్తుకునేటప్పుడు దెబ్బ సరిగ్గా పడకుంటే గీత వస్తాది. కరెంటు పోయినా వస్తాది, అన్నానికి లేసినా వస్తాది." మళ్లీ చూసి, "ఇది నేసినోడు అన్నానికే లేసినట్లుండాడు. ఆకలి మీద లేసిన గీత ఇట్లే ఉంటాది," అన్నాడు. ఆయన భార్య లోపల్నుంచి నవ్వింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వాట్సాప్ గ్రూపులో వెంటనే పెట్టాను. కరెంటు పోతే ఏం చేస్తారని అడిగితే, మోకాళ్లు చూపించాడు. "మళ్లా కాలితో తొక్కాల. ముందు మాదిరి పోదులే మేడం ఇప్పుడు. పోయిందంటే మాత్రం ఆ దినం ఇవి నాతో మాట్లాడవు."

నా పని అక్కడితో అయిపోవాలి. పెనుకొండ కోట చూసి, సాయంత్రానికి హిందూపురం చేరి, మర్నాడు లేపాక్షి వెళ్లడం నా పథకం. తొమ్మిదింపావుకు పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా. మగవాళ్లు అరవై దాకా పెట్టుకోవాలి. ప్రయాణం గంటన్నర లోపే. నా పక్క సీట్లో తడి గోనెపట్టాలు చుట్టిన రెండు పెద్ద మూటలు, వాటి వెనక ఒక ఆవిడ.

"ఏమక్కా, తడి మూటలు సీటు మీద పెడతాండావే?" అన్నాడు కండక్టర్.

"కింద పెడితే ఎంజిన్ వేడికి వాడిపోతాదప్పా. నా కాళ్లు కావాలంటే కింద పెట్టుకోనుండా, చూడు," అందావిడ. కండక్టర్ నా వైపు చూశాడు. నేను ఒక మూటను ఒళ్లోకి తీసుకున్నాను. కట్టుకున్న చీర తడిసింది, స్నేహం కుదిరింది.

పేరు రత్నమ్మ. నలభై దాటి ఉంటాయి. మూటల్లో ఉన్నది మల్బరీ ఆకు. పెనుకొండ అవతల వాళ్ల ఊళ్లో పట్టుపురుగులు పెంచుతారు. సొంత తోట ఉండి కూడా, కనగానపల్లిలో చెల్లెలి దగ్గర తెల్లవారకముందే ఆకు కోసుకుని, రెండు బస్సులు మారి వస్తోంది. "పురుగులు నాలుగో జ్వరం లేసినాయి అక్కా. ఇంగ గూడు కట్టేదాకా వారం దినాలు తింటానే ఉంటాయి. సరిగ్గా ఇప్పుడే మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపాయ. ఐదు దినాలు తోటకు నీళ్లు లేవు. ఆకు తోలు మాదిరి అయిపోయిండాది, పురుగులు ముట్టవు." పురుగులు నాలుగుసార్లు చర్మం విడుస్తాయి, ప్రతిసారీ తిండి మానేసి మత్తుగా పడుంటాయి, ఆ నిద్రనే వాళ్లు జ్వరం అంటారు. నాలుగోది లేచాక వచ్చే ఆకలికి హద్దుండదట. ఈ రెండు మూటలు ఎన్ని రోజులు వస్తాయని అడిగాను. "రోజులా?" అని నా అమాయకత్వానికి నవ్వింది. "మాపటికి అయిపోతాది."

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నిన్ననే ట్రాక్టర్లో తెచ్చుకున్నారని, ఈ మధ్యాహ్నం కరెంటు ఇస్తారని చెప్పింది. ఈ రోజు తోట తడిస్తే రేపటికి ఆకు తేరుకుంటుంది, పురుగులు బతుకుతాయి. తడవకపోతే రెండు నెలల చాకిరీ, గుడ్లకు పెట్టిన డబ్బూ అన్నీ చెత్తకుప్పలోకే. "రెండు నెలల్లో ఇది రెండోది కాలడం. ఇదీ కాలిందంటే నేను ఇంగ పురుగులు పెట్టను అక్కా, బెంగుళూరుకు పోతా కూలికి," అంది, మామూలు గొంతుతోనే. పెనుకొండ బస్టాండులో దిగి తలెత్తితే కొండ మీద కోట కనిపించింది. ఇన్ని వందల ఏళ్లు ఆగింది, ఇంకో రోజు ఆగదా అనుకుని, రత్నమ్మతో పాటు షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై, మూటలకు ఇంకో ముప్పై.

ఊళ్లో ముందు పురుగుల షెడ్డుకే వెళ్లాం. పురుగులకు తెగులు అంటకుండా చెప్పులు బయట విప్పి, కాళ్లు సున్నంలో అద్దుకుని లోపలికి వెళ్లాలి. రత్నమ్మ భర్త హనుమంతు మాట్లాడకుండా మూటలు అందుకుని ఆకు పరిచాడు. వేల పురుగులు ఒకేసారి తినడం మొదలుపెడితే శబ్దం వస్తుంది, పాత పేపర్లు నలుపుతున్నట్టు. తిన్నంతసేపూ భార్యాభర్తలిద్దరూ వాటినే చూస్తున్నారు. తర్వాత నాకు రాగి సంగటి, వేరుశనగ పచ్చడి ఊరుబిండి పెట్టారు. తింటూ, నోరు ఊరుకోక, నా ఉద్యోగం చెప్పేశాను.

"అయితే కరెంటు తీసేది నువ్వేనా!" అంది రత్నమ్మ.

"ఒక్కోసారి నేనే," అన్నాను. సిగ్గనిపించింది. తెర మీద అంకె తగ్గగానే టీ తాగడానికి లేచిన రోజులన్నీ గుర్తొచ్చాయి.

"ఇది మాత్రం నువ్వు చేసింది కాదులే," అని ఆవిడే నన్ను ఒడ్డున పడేసింది. "ఇది మా ఘనకార్యమే. తిను."

ఘనకార్యం ఏమిటంటే ఆటో స్టార్టర్. ప్రతి బోరు దగ్గరా ఒక పెట్టె ఉంటుంది, కరెంటు రాగానే మోటరును దానంతట అదే వేస్తుంది. రైతు వేరే పనికి పోయినా తన నీళ్లు తనకు దక్కుతాయి. ఒక్కరు పెట్టుకుంటే బాగానే ఉంటుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్ కింద పదేళ్ల కిందట ఆరు మోటార్లుంటే ఇప్పుడు పదకొండు, అన్నింటికీ ఆటోలే. మోటరు తిరగడం మొదలెట్టే ఆ కొద్ది క్షణాలు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. పదకొండూ ఒకే క్షణంలో లాగితే ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుందో చెప్పడానికి కంట్రోల్ రూం అక్కర్లేదు. ఆటో తీసేయమని లైన్‌మన్ ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ తీయలేదట. పక్కవాడు తీయడని ప్రతివాడికీ నమ్మకం. రెండోది కాలాక మాత్రం అందరూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆటోలన్నీ బంద్. ఒకరి తర్వాత ఒకరు చేత్తో వేసుకోవాలి. తన మోటరు వేసి, నీళ్లు పడ్డాక, తర్వాతి వాడికి మిస్డ్ కాల్ ఇవ్వాలి. అది వచ్చేదాకా వాడు స్విచ్ ముట్టకూడదు. ఆ ఒప్పందం మొదటిసారి పరీక్షకు వచ్చేది ఈ రోజే.

"ముందు ఎవరు వేస్తారు?" అని అడిగాను.

"నేనే. మాది కడాకు ఉండే బోరు." కడా అంటే లైను చివర.

అక్కడ నాలోని ఆఫీసరు నిద్రలేచింది. పెద్ద మోటరు ముందు వేయాలి, చిన్నవి తర్వాత అని పాఠం చెప్పాను. అందరికంటే పెద్దది ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న నరసారెడ్డి బత్తాయితోట మోటరట. రత్నమ్మ ఓపిగ్గా విని, "ఆయప్పది ముందేస్తే మా కడాకు వచ్చేసరికి కరెంటు సన్నబడతాది అక్కా. మా మోటరు లేవలేక మూలుగుతాది, లోపలి తీగచుట్ట కాలతాది. తిరిగేది ఎట్లో తిరుగుతాది, లేచేదానికే బలం కావాల. అందుకే కడా బోరు ముందు, ట్రాన్స్‌ఫార్మర్ కాడిది అన్నింటికంటే ఆఖరు," అంది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసును సంగటి ముద్దతో సహా మింగేశాను. ఆమె చెప్పిందే సరైనది.

"నరసారెడ్డి ఒప్పుకున్నాడా?" అన్నాను. హనుమంతు మొదటిసారి నోరు విప్పాడు. "మాటైతే ఇచ్చినాడు. పెద్ద చీనీతోట ఆయనది, పిందెలు రాల్తాండాయి. ఇన్నేండ్లూ ముందు వేసుకునింది ఆయనే. ఆటో తీసినాడో లేదో యాడ తెలుస్తాది?" అసలు భయం అదే. ఆ ఒక్క పెద్ద మోటరు ముందుగా లేస్తే రత్నమ్మ మోటరు లేవదు. అది చూసి మిగతావాళ్లు ఆగరు.

పన్నెండున్నరకు రత్నమ్మ తన బోరు దగ్గరికి వెళ్లింది. నేను, హనుమంతు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నడిచాం. గట్ల మీద పావుగంట నడక, ఎక్కడా నీడ లేదు. అక్కడ లైన్‌మన్ స్తంభం దిగుతున్నాడు. పక్కనే నరసారెడ్డి స్టార్టర్ పెట్టె, దాని ముందు బండ మీద ఆయన. డెబ్బై ఏళ్లుంటాయి, తలకు తువ్వాలు. పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఫ్యూజులుండాల్సిన చోట మూడు ఖాళీ గుంటలు. మూడు తెల్లటి పింగాణీ ఫ్యూజులూ ఆయన ఒళ్లో పంచె మీద ఉన్నాయి.

హనుమంతు వాటినే చూస్తూ నిలబడిపోయాడు. నరసారెడ్డి విసుక్కున్నాడు. "ఏమబ్బా, అట్ల చూస్తాండావు? ఆటో తీసినా అంటే మీరు నమ్మరని నాకు తెలీదా? అందుకే పీకి పెట్టుకున్యా. వచ్చి చూడండి, ఎవురికి కావాలంటే వాళ్లు."

ఒంటిగంట దాటి పది నిమిషాలకు లైన్‌మన్ ఫోన్‌లో సబ్‌స్టేషన్‌తో మాట్లాడాడు, కరెంటు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుంయ్‌మంది, అంతే. ఒక్క మోటరూ లేవలేదు. లైన్‌మన్ తీగను పటకారులా పట్టుకునే మీటరు పెట్టి చూశాడు. కాసేపటికి అంకె పైకి గెంతి, దిగి, నిలబడింది. "కడా బోరు లేసింది," అన్నాడు. హనుమంతు మొహంలో అప్పుడు రక్తం కనిపించింది. మళ్లీ గెంతి, నిలబడింది. అలా ఆరు. తెర మీద అలాంటి గెంతులు నా జన్మలో కొన్ని లక్షలు చూసి ఉంటాను. ఒక్కోటీ ఒక్కో మనిషని వేళ్లు మడిచి లెక్కపెట్టడం అదే మొదటిసారి.

ఏడోది లేవలేదు. రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు. ఎనిమిదో బోరాయన దూరం నుంచి చేతులూపుతున్నాడు, వేసేదా వద్దా అని. "ముట్టొద్దు రా!" అని నరసారెడ్డి పెట్టిన కేకకు నా చెవులు గింగురుమన్నాయి. హనుమంతు గట్ల మీద పరుగెత్తాడు. ఏడో బోరాయన వేపచెట్టు కింద నిద్రపోతున్నాడట, ఫోన్ చొక్కా జేబులో, చొక్కా కొమ్మ మీద. ఐదు రోజులు నీళ్ల కోసం ఎదురుచూసి, వచ్చిన పూట నిద్రపోయాడు. వాడికి ఆ ఊళ్లో ఇంకో పదేళ్లు ఈ మాట తప్పదు.

రెండయ్యేసరికి పది మోటార్లు తిరుగుతున్నాయి. మిస్డ్ కాల్ నరసారెడ్డికి వచ్చింది. ఆయన ఫ్యూజులు చేతిలోకి తీసుకున్నాడు. లైన్‌మన్ మీటరు చూసి తల గోక్కున్నాడు. "పెద్దాయనా, పదింటికే నిండిపోయిండాది. నీది పెద్ద మోటరు. లేస్తే లేయొచ్చు. ఏమన్నా అయితే మాత్రం నేను చెప్పలేను."

ఐదింటికి త్రీఫేజ్ తీసేస్తారు. మాటిచ్చినట్టు ఆఖరు దాకా ఆగాడు, ఇక వంతు ఆయనదే, వేసుకుంటే ఎవరూ తప్పనలేరు. నరసారెడ్డి తోట వైపు చూశాడు. చెట్ల కింద రాలిన పిందెలు ఇక్కడికే కనిపిస్తున్నాయి. తర్వాత ఫ్యూజులు మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎవురో ఒకరు ఆపుతారులే," అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. నేను ఫోనెత్తి ఆపించిన వాళ్లందరూ వేరే దారి లేక ఆగినవాళ్లే. చేతిలో స్విచ్ పెట్టుకుని ఆగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

నా గొడుగు ఇద్దరికీ పట్టుకుని ఆ బండ మీదే కూర్చున్నాను. ఆయన చీనీ గురించి చెప్పాడు, ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టుకున్న అర్జీ గురించి చెప్పాడు, మా విజయవాడ ఎండలను తిట్టాడు. మూడున్నరకు మీటరు అంకె కిందికి దిగింది. వెంటనే ఆయన ఫోన్ మోగి ఆగిపోయింది. రత్నమ్మ నంబరు, తన మోటరు ఆపేసిందన్నమాట. కాసేపటికి ఆవిడే నడిచి వచ్చింది, మోకాళ్ల దాకా బురదతో.

"అంతా తడిసిందా?" అని హనుమంతు అడిగాడు.

"ఇంగ రెండు సాళ్లు ఉండాయి. రేపు చూసుకుందాం. ఆయప్ప పొద్దున్నుంచి ఎండలో కూచోనుండాడు," అంది.

నరసారెడ్డి ఫ్యూజులు బిగించి స్విచ్ నొక్కాడు. మోటరు ఒకసారి మూలిగి అందుకుంది. పైపులోంచి ముందు గాలి, తర్వాత ఎర్రటి నీళ్లు, తర్వాత తెల్లటి నీళ్లు. ఆయన రత్నమ్మ వైపు తిరిగి, "ఇంతసేపా మే! పురుగులకు తలంటి పోసినావా ఏమి?" అన్నాడు. అందరం నవ్వాం.

నాలుగున్నరకు ఆటో, అక్కణ్నుంచి హిందూపురం బస్సు, గంట ప్రయాణం. బస్టాండు దగ్గర లాడ్జి ఎనిమిది వందలు, శుభ్రంగానే ఉంది. ఆరున్నరకు బజారులో దీపాలన్నీ వెలుగుతుంటే టీ తాగుతూ నిలబడ్డాను. మా కంట్రోల్ రూంలో ఉరుకులు పరుగుల వేళ అది. ఇన్నేళ్లూ ఆ వేళ నాకు గుండె దడగా ఉండేది, ఆ రోజు లేదు. కరెంటును నిలబెట్టేది మేమేనని నాకు లోలోపల కొంచెం గర్వం ఉండేది. మేము సగం నిలబెడతాం, మిగతా సగం ఇలాంటి బండల మీద ఎవరో నిలబెడుతున్నారు, మాకు తెలియదంతే. వారం తర్వాత రత్నమ్మ ఫోన్ చేసింది. ఒక తట్ట పురుగులు పోయాయట, మిగతావన్నీ చంద్రికలెక్కి గూళ్లు కడుతున్నాయట. చంద్రికంటే గూడు కట్టడానికి పెట్టే వెదురు తట్ట. నరసారెడ్డి ఎలా ఉన్నాడని అడిగితే, "ఆడనే ఉండాడు, పెట్టె కాడ. దినామూ ఆఖరు వంతే కదా," అంది.

మీరు ఆ దారిలో వెళ్తే ఒక్క జాగ్రత్త చెబుతాను. త్రీఫేజ్ ఏ వేళకు వస్తుందో ముందే కనుక్కుని, ఆ వేళకు పొలాల్లో ఉండేలా చూసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నీడ ఉండదు. గొడుగు తప్పకుండా తీసుకెళ్లండి. రెండు తీసుకెళ్లి, వచ్చేటప్పుడు ఒకటి అక్కడే వదిలేసి రండి.